డాబా మీది గదికి మూడక్షరాలు

ఆకాశంలో ఒక రాయి ఎక్కడుందో చెప్పడానికి ఎనభై గడులు చాలు. రాయి పేరు, తేదీ, వేళ, కనిపించిన చోటు, ఎంత వెలుగుతో ఉందో ఆ లెక్క, చివరి మూడు గడుల్లో చూసినవాళ్ళ కోడ్. ఒక్క అక్షరం ఎక్కువైనా, ఒక్క అంకె పక్క గడిలోకి జరిగినా, ఈ లెక్కలన్నీ పోగుచేసే విదేశీ కేంద్రంలోని కంప్యూటరు మన రిపోర్టును మారుమాట లేకుండా తిప్పి పంపేస్తుంది.

అమలాపురంలో పుట్టి పెరిగినవాడికి ఇది కొంచెం కష్టమే. మా వైపు ఎవరినైనా "మీ అబ్బాయి ఎక్కడున్నాడండీ" అని అడిగితే, జవాబు ఆ అబ్బాయి తాతగారి కంటి ఆపరేషన్‌తో మొదలవుతుంది. వీసా ఇప్పించిన బావగారి మంచితనం మీదుగా, అక్కడి ఎండల మీదుగా తిరిగి, రెండో కాఫీ దగ్గర "మస్కట్టండి" అన్న మాట బయటికొస్తుంది. అలాంటి ఊరినుంచి ఎనభై గడుల్లో విషయం తేల్చి పంపమంటే, నాకు మొదట్లో అది ఖగోళశాస్త్రంలా కాదు, అమర్యాదలా కనిపించింది.

నేను మా కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. అంటే ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం తీస్తాను. ఈ గ్రహశకలాల వ్యవహారంలోకి నన్ను లాగినవారు ఫిజిక్స్ మాస్టారు. ఆయన సర్వీసంతా మా కాలేజీలోనే గడిచింది. రెండు వేసవులు కూర్చుని టెలిస్కోపు అద్దం తనే అరగదీసుకున్నారు. కాట్రేనికోనలో పడవలకు ఫైబర్ పనిచేసే ఆయన చేత టెలిస్కోపుకి గొట్టం చేయించారు. ఆ పడవలాయన దానికి పడవల నీలం రంగే వేసి, అలవాటు కొద్దీ రిజిస్ట్రేషన్ నంబరు రాసుకోవడానికి పక్కన తెల్లటి పట్టీ కూడా వదిలాడు. ఆ పడవని కాలేజీ డాబా మీద, రేకుల కప్పు పక్కకు జరిగే చిన్న గదిలో నిలబెట్టారు. కెమెరా మాత్రం కొన్నారు. కప్పు జరిగేటప్పుడు వచ్చే చప్పుడుకి, మాస్టారు పైనే ఉన్నారని తెలిసి కింద హాస్టల్లో పిల్లలు పుస్తకాలు తెరిచేవారట. కాలేజీకి ఆ గది వల్ల జరిగిన తక్షణ లాభం అదే.

ఆ గది మీద మా కరస్పాండెంట్ గారి దృష్టి పడింది. ఆయనకి కాలేజీ కాక ఒక ఐస్ ఫ్యాక్టరీ, రొయ్యల చెరువులు ఉన్నాయి. మూడింటినీ ఒకే పద్ధతిలో నడుపుతారు. సెల్ టవర్ వాళ్ళొచ్చి డాబా అడిగారట. ఆయన మాస్టారిని పిలిపించారు. ప్రింటర్ బాగుచెయ్యడానికి వెళ్ళిన నేను కూడా అక్కడే ఉన్నాను.

"మాస్టారూ, ఫిబ్రవరాఖరికి మీరు రిటైరైపోతున్నారు కదండీ. తర్వాత ఆ గొట్టం ఎవరు చూస్తారండీ?"

"పిల్లలు చూస్తారండి."

"ఆయ్, పిల్లలు చూస్తారు, కాదన్లేదు. కానీ గుర్తింపంటూ ఏదైనా ఉందాండీ దానికి? కాగితం మీద?"

లేదు. కానీ రావచ్చన్నారు మాస్టారు. ఆకాశంలో ఇప్పటికే లెక్కకెక్కిన గ్రహశకలాలు కొన్నింటిని కనీసం రెండు రాత్రులు ఫోటో తీసి, అవి ఎక్కడున్నాయో కొలిచి పంపాలి. మన కొలత సరిగ్గా ఉంటే ఆ కేంద్రం వాళ్ళు మన డాబాకి మూడక్షరాల కోడ్ ఇస్తారు. ఆ తర్వాత మనం పంపే ప్రతి లెక్కా ప్రపంచంలోని మిగతా అబ్జర్వేటరీల లెక్కల పక్కన చేరుతుంది.

కరస్పాండెంట్ గారు ఆలోచించారు. "సరేనండి. మీ సర్వీసు అయ్యేలోగా ఆ కాగితం వస్తే గది ఉంటుంది. రాకపోతే టవర్ వాళ్ళకి మాటిచ్చేస్తాను. మీరేం అనుకోకండేం."

అప్పటికి నాలుగు నెలలుంది. మాస్టారు ఏం అనుకోలేదు. మెట్లు దిగుతూ నాతో, "ఏమయ్యా, నీకు కాలమ్‌లు తప్పకుండా టైపు చెయ్యడం వచ్చా?" అన్నారు. వచ్చన్నాను. చేతిలో ఇంకా ప్రింటర్ కాగితముంది.

నవంబరులో మొదటి రిపోర్టు తయారైంది. అప్పుడే నాకు 'సరిగ్గా' అంటే ఏమిటో తెలిసింది. చందమామ వెడల్పుని దాదాపు పద్దెనిమిది వందల ముక్కలు చేస్తే వచ్చే ఒక్క ముక్క. మన కొలత ఆ ముక్క దాటి తప్పకూడదు. తోకచుక్కలయితే ఇంకా కష్టం, తల ఎక్కడ మొదలవుతుందో ఎవరికీ తెలియదు. అందుకని మేం వాటి జోలికి పోలేదు. కరస్పాండెంట్ గారు కూడా, "తోకచుక్కంటే అరిష్టం కదండీ, మన కాలేజీ పేరు మీద ఎందుకూ" అని సెలవిచ్చారు.

పంపే ముందు తనకొకసారి చూపించమన్నారాయన. చూపించాను. వరసల చివర మూడేసి ఎక్స్‌లు చూసి ముఖం మాడ్చుకున్నారు.

"ఇవేంటండీ, అన్నిటికీ తప్పులు పెట్టేరు?"

"కోడ్ లేనివాళ్ళు అలా పెట్టాలండి."

"అలా మనకి మనమే తప్పులు పెట్టుకుంటే వాళ్ళేం గౌరవిస్తారండీ?" ఇంకా కిందికి చదివారు. "సముద్రమట్టం నుంచి ఎత్తు... ఇంతేనా? ఇది మన డాబా ఎత్తులా ఉంది."

"మన ఊరు సముద్రానికి సమానంగానే ఉందండి. ఉన్న ఎత్తంతా డాబాదే."

"కాస్త పెంచి రాయండి. పరువుగా ఉంటుంది."

ఎత్తు విషయంలో మాస్టారు ఒప్పుకోలేదు. పరిశీలకుల పేర్లు రాసే వరస దగ్గర మాత్రం మేం ఓడిపోయాం. అక్కడ టెలిస్కోపు దగ్గర నిలబడినవాళ్ళ పేర్లు పొట్టిగా రాస్తే చాలు. మా ఇద్దరివి రాశాను.

"చూసినవాళ్ళ పేర్లేనాండీ?" అన్నారు కరస్పాండెంట్ గారు, బాధపడుతూ. "మరి చూడనిచ్చినవాళ్ళ పేర్లో?"

మా వైపు ఒక బోరింగు పంపు వేసినా పక్కన బండ మీద పదకొండు పేర్లుంటాయి. ఆహ్వానపత్రికలో ఒక పేరు వదిలితే మూడు తరాలు మాట్లాడుకోరు. అందుకని ఆ వరసలో అధ్యక్షులవారు చేరారు, ఉపాధ్యక్షులవారు చేరారు, గదికి ఇసుక తోలించిన దాతగారు చేరారు. కాలేజీ స్థాపకులు గతించి చాలాకాలమైంది, అయినా వదలడం మర్యాద కాదని వారిని కూడా పెట్టాం. ఆ లెక్కన కీర్తిశేషులు ఆ రెండు రాత్రులూ మాతోపాటు డాబా మీద నిలబడి మూడు గ్రహశకలాలను చూసినట్టు అంతర్జాతీయంగా నమోదు చెయ్యబోయాం.

పంపాక, చేతిలో టీ చల్లారకముందే రిపోర్టు తిరిగొచ్చింది. ఆ వరస నిడివి మించిందనీ, మిగతాది చదవలేదనీ రెండు ముక్కలు.

"అంత తొందరగా చదివేశారాండీ?" అన్నారు కరస్పాండెంట్ గారు.

"మెషినండి. మనుషులు చూడరు."

"అదీ! మనుషులైతే ఇలా చేస్తారాండీ?" అని ఆయన ఓదార్చుకున్నారు. నా పేరు, మాస్టారి పేరు మాత్రం మిగిల్చి మళ్ళీ పంపడానికి, మెషిన్ మీది కోపంతోనే ఒప్పుకున్నారు.

ఈసారి మెషిన్ తీసుకుంది. తర్వాత చాలా రోజులు ఏ కబురూ లేదు. మాస్టారు రోజూ మధ్యాహ్నం భోజనం బాక్సు కడుక్కుని వచ్చి నా వెనక నిలబడేవారు. నేను మెయిల్ తెరిచేవాణ్ణి. లోన్ ఇస్తామనేవాళ్ళు, ఇల్లు కట్టిస్తామనేవాళ్ళు ఎందరో రాసేవారు. ఆయన "ఊఁ" అని క్లాసుకి వెళ్ళిపోయేవారు. జనవరిలో నిజమైన మనిషి ఒకరు రాశారు. మర్యాదగానే రాశారు. మీ కొలతలు ఒకదానితో ఒకటి చక్కగా పొసుగుతున్నాయి, కానీ మీరు చూసిన ప్రతి రాయీ తన దారిలో ఉండాల్సిన చోటుకి వెనకబడి ఉంది, మీ గడియారం సరిచూసుకోండి అని.

మాస్టారు రెండుసార్లు చదివారు. "గడియారమా? నేను జీవితంలో ఆలస్యంగా రాలేదయ్యా" అన్నారు.

అదే వచ్చిన చిక్కు. డాబా మీది ల్యాప్‌టాప్ పాతది. లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోవడంతో ఆన్ చేసినప్పుడల్లా తేదీ, టైము మనం పెట్టాలి. డాబా మీద నెట్ అందదు. మాస్టారు ప్రతి సాయంత్రం తన చేతి వాచీ చూసి టైము పెట్టేవారు. ఆ వాచీ పది నిమిషాలు ముందుంటుంది.

ముందుండటంలో వింతేమీ లేదు. మా వైపు ఏ ఇంట్లోనూ గోడగడియారం సరైన టైము చూపించదు. రాజోలు బస్సు కోసం ఒకరు, రేవులో గోదావరి దాటించే పంటు కోసం ఒకరు, పిల్లల స్కూలు ఆటో కోసం ఒకరు ముల్లు ముందుకి తిప్పి పెడతారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, అందరూ మనసులో తీసేసుకుంటారు, అందరూ ఆలస్యంగానే వెళతారు. మాస్టారు ఒక్కరే ఈ పద్ధతిని నిజాయితీగా నమ్మినవారు. చదువుకునే రోజుల్లో ఒకసారి పంటు తప్పిపోయి పరీక్ష హాలుకి ఆలస్యంగా వెళ్ళారట. ఆ రోజు ముందుకు తిప్పిన ముల్లు మళ్ళీ వెనక్కి తిప్పలేదు. అప్పటినుంచీ ఆయన పది నిమిషాలు భవిష్యత్తులోనే కాపురముంటున్నారు. రిపోర్టు రాసేటప్పుడు మన టైములోంచి అయిదున్నర గంటలు తీసి ప్రపంచ టైము వెయ్యాలి. అది ఎప్పుడూ మర్చిపోలేదు. ఊరిది తీశారు, తనది తియ్యలేదు. మేం ముందుండటం వల్ల సౌరకుటుంబం వెనకబడింది.

ఆయన వాచీ విప్పి బల్ల మీద పెట్టి కాసేపు దాన్నే చూశారు. క్లాసులో తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ణి కూడా ఆయన అలా చూడగా నేను చూడలేదు.

"మాస్టారూ, దీనికింత దిగులెందుకండీ. అన్నిట్లోంచీ పది నిమిషాలు తీసేసి పంపేద్దాం. అరగంట పని" అన్నాను.

"కచ్చితంగా పదా?"

"పదే అనుకుందాం."

"అనుకుందామంటే కుదరదయ్యా. తొమ్మిదిన్నరో, పదీ పావో. మొదటి రాత్రి ఎంతుందో, రెండో రాత్రి ఎంతుందో ఎవడు చూశాడు?"

"పోనీ, రాయి ఎంత వెనకబడిందో వాళ్ళే చెబుతున్నారు కదా. దాన్నిబట్టి వాచీ ఎంత తప్పో వచ్చేస్తుంది. సరిగ్గా అంతే తీసేద్దాం. అచ్చు గుద్దినట్టు కుదిరిపోద్ది."

నా తెలివికి నేనే కొంచెం మురిశాను. మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"ఆన్సర్ చూసి లెక్క చెయ్యడాన్ని ఏమంటారయ్యా?"

"కాపీ కొట్టడం అంటారండి."

"ఎన్నేళ్ళుగా ఇన్విజిలేషన్ చేస్తున్నాను నేను?"

అన్నీ మళ్ళీ తియ్యాలి. ఫిబ్రవరి వచ్చేసింది. సాయంత్రం ఏడుకి చీకటి పడుతుంది, తొమ్మిది దాటితే కొబ్బరిచెట్ల మీంచి మంచు దిగి అద్దం తడిసిపోతుంది. ఆ రెండు గంటల్లో మబ్బు ఉండకూడదు. మొదటి వారమంతా మబ్బే. మాస్టారు రోజూ గది తెరిచి, కప్పు జరిపి, కాసేపు నిలబడి, కప్పు మూసేవారు. రిటైర్మెంటుకి పది రోజులుందనగా ఒక రాత్రి ఆకాశం తేటపడింది. సిగ్నల్ ఉన్న మెట్ల దగ్గర నా ఫోను టైము చూసుకుని, పరుగున వెళ్ళి ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుని, సెకను సెకనూ సరిచూసి ఫోటోలు తీశాం. ఒక రాత్రి అయింది. ఇంకొకటి కావాలి.

మర్నాడూ ఆకాశం బాగుంది. కానీ అది మాఘమాసం. కాలేజీ గోడకి ఆనుకునే ఫంక్షన్ హాలుంది. సాయంత్రం ఆరున్నరకి అక్కడినుంచి నాలుగు పెద్ద లైట్లు ఆకాశంలోకి లేచి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. మా రాయి ఉన్న చోటుని అవి సరిగ్గా నాలుగు సెకన్లకొకసారి తుడిచివేస్తున్నాయి.

మేమిద్దరం పెళ్ళికి వెళ్ళాం. పిలవకపోయినా ఎవరూ అడగలేదు. పెళ్ళికూతురి తండ్రిని వెతికి పట్టుకుని మాస్టారు సంగతి చెప్పారు. ఒక్క అరగంట ఆ లైట్లు ఆపాలని.

"ఆయ్, దానికేం భాగ్యమండీ, ఆపేద్దాం" అన్నాడాయన. "ముందు భోంచెయ్యండి."

"తర్వాత తింటామండి, టైము లేదు."

"అలా అనకండి మాస్టారూ. శుభకార్యానికొచ్చి తినకుండా వెళ్తే మేం ఏమైపోవాలి? ఒరే, మాస్టారికి ఆకేయండ్రా!"

ఆకు ముందు కూర్చోబెట్టేశారు. ఆకాశంలో రాయి తన దారిన తను పోతోంది. పనసపొట్టు కూర వచ్చింది. నేను గబగబా తింటున్నానని చూసి, నచ్చిందనుకుని మళ్ళీ వేశారు. మాస్టారు వద్దంటే, మొహమాటపడుతున్నారని రెండు బొబ్బట్లు వేసి నెయ్యి పోశారు. మా వైపు చేతులు అడ్డం పెడితే గరిటె ఆగదు, గురి మారుతుంది అంతే. పెరుగన్నం దాకా వెళ్ళి లేచేసరికి ఎనిమిదిన్నర. పెళ్ళికూతురి తండ్రి మాట తప్పలేదు. లైట్లు ఆపించి, దేనికోసం ఆపించాడో చూడాలని మా వెనకే డాబా ఎక్కాడు.

ల్యాప్‌టాప్ తెర మీద చుక్కలు కనిపించాయి. మూడు ఫోటోల్లోనూ ఒక్క చుక్క మాత్రం వెంట్రుకవాసి జరిగింది. మాస్టారు దాని మీద వేలు పెట్టి చూపించారు.

"ఇదాండీ?"

"ఇదేనండి."

"దీనికోసమా లైట్లాపించేరు?"

"ఆయ్."

ఆయన ఇంకోసారి చూసి, "పోన్లెండి, పాపం, ఒక్కతే ఉంది" అని కిందికి దిగి మళ్ళీ లైట్లు వేయించాడు. అప్పటికి మాకు కావలసినవి వచ్చేశాయి. ఎనిమిది యాభై ఎనిమిదికి అద్దం మీద మంచు పట్టింది.

మర్నాడే కొలిచి పంపాం. కోడ్ రిటైర్మెంటుకి రెండు రోజుల ముందు వచ్చింది. మూడక్షరాలు, వాటి పక్కన మా ఊరి పేరు, పెంచని మా ఎత్తు. మాస్టారు ప్రింటు తియ్యమన్నారు. ఆ ఒక్కరోజూ ప్రింటర్ మొరాయించలేదు. కాగితం జేబులో మడిచి పెట్టుకుని కరస్పాండెంట్ గారి దగ్గరికి వెళ్ళారు. ఆయనకది ఎలా అర్థమైందో గానీ, వీడ్కోలు సభ రోజు పొద్దున్న స్టాఫంతా 'మన మాస్టారు కొత్త గ్రహాన్ని కనిపెట్టారట' అని నాకే చెప్పారు.

నేను మాస్టారిని పక్కకి తీసుకెళ్ళాను. "మాస్టారూ, ఇవాళ మీరేం సరిదిద్దకండి. ఆయన మైకులో గది ఉంచుతానంటారు. మీరు దండ వేయించుకుని, నమస్కారం పెట్టి దిగిపోండి. రేపటినుంచి నిజం చెప్పుకుందాం."

"ఊఁ" అన్నారాయన. ఆ 'ఊఁ' నాకు తెలిసిందే. భయం వేసింది.

కరస్పాండెంట్ గారు మైకు దగ్గర అరగంట మాట్లాడారు. గ్రహం కనిపెట్టడంలో యాజమాన్యం పాత్ర గురించి పాతిక నిమిషాలు, మాస్టారి గురించి అయిదు. తర్వాత మైకు మాస్టారి చేతికొచ్చింది.

"నేనేం కనిపెట్టలేదండి," అన్నారు మాస్టారు. అది ఆయన మొదటి వాక్యం. "ఆ రాళ్ళు ఎక్కడున్నాయో వాళ్ళకి ముందే తెలుసండి. మనం చూసి, అక్కడే ఉన్నాయని చెప్పేం. అంతేనండి."

నేను ముందు వరసలో కూర్చుని నా చెప్పులు చూసుకుంటున్నాను. కరస్పాండెంట్ గారు ముందుకి వంగి, రహస్యంగా అనుకుని, మైకులోకే అడిగారు.

"అదేంటి మాస్టారూ! మరి ఆ కాగితమేంటండీ?"

"మీరు చెప్పింది నమ్మొచ్చు అని ఇచ్చిన కాగితమండి."

"నమ్మొచ్చు అన్నారా?"

"ఆయ్."

"మన కాలేజీ చెప్పింది నమ్మొచ్చనా?"

"అవునండి. ఇకమీదట మనమేం పంపినా లెక్కలోకి తీసుకుంటారండి."

కరస్పాండెంట్ గారు వెనక్కి వాలారు. ఆయన ముఖం నేను అప్పుడు చూశాను. యూనివర్సిటీ వాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడల్లా లైబ్రరీ పుస్తకాలను ఒక్కొక్కటిగా తీసి చూస్తారు. హాజరు పట్టీలు పట్టుకెళ్ళి పిల్లల్ని పేరుపేరునా పిలుస్తారు. ల్యాబులో సీసాలు మూత తీసి వాసన చూస్తారు. ఇన్నేళ్ళలో ఎవరూ ఆయనతో నమ్మొచ్చన్న మాట అనలేదు. అనడానికి మేం పెద్దగా అవకాశమూ ఇవ్వలేదు.

ఆయన లేచి మైకు తీసుకున్నారు. "గది ఉంటుంది," అన్నారు. ఇంకేదో చెప్పబోయి, మానేసి కూర్చున్నారు. ఆయన అంత పొట్టిగా మాట్లాడటం నేను విన్నది అదొక్కసారే.

చప్పట్ల మధ్య మాస్టారు మెట్లు దిగి దండతోనే నా దగ్గరికొచ్చి వంగారు. అభినందిస్తే ఏమనాలా అని నేను తడుముకుంటున్నాను.

"నిన్న రాత్రి కొత్తగా తీసినవి పంపేవా?"

"లేదండి. సభ అయ్యాక..."

"సభకేం, నేనున్నాను కదా. నువ్వెళ్ళి పంపు."

వెళ్ళాను. స్టాఫ్ రూమ్ ఖాళీగా ఉంది. రాత్రి కొలిచిన నాలుగు వరసలు తెరిచి, చివరి మూడేసి గడుల్లో మా అక్షరాలు వేశాను. కిటికీలోంచి మైకు వినిపిస్తోంది, ఉపాధ్యక్షులవారు మొదలుపెట్టినట్టున్నారు. గడులు ఒకసారి లెక్కపెట్టుకుని పంపాను. మెషిన్ తీసుకుంది.